బెల్లం చేతికి వచ్చిన షుగరు

"నేను చెప్పింది చెప్పినట్టే రాయల్ల, జయమ్మా. నీకు బాగుండేటట్ల మారిస్తే ఊరుకోను."

"రాస్తా గానీ, ముందు పొయ్యి చేతులు కడుక్కోని రా అక్కా."

ఇది మొదలుపెట్టే ముందు మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలివి. చేతులు కడుక్కోమని ఆమె ఎందుకన్నదో, నేను నోరెత్తకుండా కుళాయి దగ్గరికి ఎందుకు పోయానో తెలియాలంటే, కిందటి ఉగాదినాడు మా ఇంట్లో నేను సృష్టించిన ప్రళయం గురించి మీరు వినాలి. వరదలూ భూకంపాలూ దేవుడు తెస్తాడు. ఇది మాత్రం పూర్తిగా నా చేతి పని.

జయమ్మ నా తోటికోడలు, మా మరిది పుల్లన్న భార్య. నాకన్నా చిన్నది. ఏడో తరగతి దాకా చదివింది. నాకు సంతకం, బస్సు మీద అంకెలు తప్ప ఏమీ రావు. అందుకే నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. ఆ గుండ్రటి అక్షరాలను చూసినా నాకు కడుపు మంటే. (రాయి జయమ్మా, అట్ల సూడాకు!)

కోడుమూరు దగ్గర సేద్యం వదిలేసి వచ్చి, కల్లూరులో ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉంటున్నాం. నా వాటాలో నేనూ, షేర్ ఆటో నడిపే నా కొడుకు సుధాకరూ. నా భర్త పోయాక అక్కడ "తిన్యావా?" అని అడిగే గొంతు లేకుండా పోయింది. కొడుకు మంచివాడే. కానీ యాడికి పోవల్ల అని దారిన పోయేవాళ్ళందరినీ అడుగుతాడు గానీ, ఇంట్లో అమ్మను ఏమీ అడగడు.

అలాంటి రోజుల్లో జయమ్మకు షుగరు వచ్చింది.

నిజానికి అది వస్తున్నప్పుడే నేను చూశాను. కుళ్ళుబోతు కళ్ళతో చూశాను కాబట్టి వేరేలా కనబడింది. మాటిమాటికీ ఫ్రిజ్ తెరిచి చెంబెడు నీళ్ళు తాగుతుంటే, కొత్త ఫ్రిజ్ నాకు చూపించడానికే అనుకున్నాను. రాత్రుళ్ళు ఊరికే ఊరికే లేచి బాత్రూముకు పోతుంటే, లైటు వేసి నా నిద్ర చెడగొట్టడానికే అనుకున్నాను. మనిషి చిక్కిపోతే నాజూకు కోసం పస్తులుంటోందనుకున్నాను. కాలి పుండు ఎంతకీ మానకపోతే, పని తప్పించుకోవడానికి దాన్ని పెరటి మొక్కలా సాకుతోందనుకున్నాను. చివరికి పుల్లన్నే రక్త పరీక్షకు తీసుకుపోయాడు. "ఇన్ని గుర్తులు కనబడుతుంటే ఇంట్లో ఒక్కరూ చూడలేదా?" అని డాక్టరమ్మ కోప్పడిందట. ఎందుకు చూడలేదు తల్లీ, అన్నీ చూసిన మహాతల్లిని నేనున్నాను!

ఇక అప్పట్నుంచి జయమ్మ భోగం చెప్పనలవి కాదు. పొద్దున్నే కాళ్ళకు బూట్లు, పక్కన మొగుడు, పెళ్ళి ఊరేగింపులా నడక. ఇంటికొచ్చాక ఆమె పాదాన్ని పుల్లన్న ఒళ్ళో పెట్టుకుని, సంతలో వంకాయలా తిప్పి తిప్పి చూసేవాడు.

"యాడన్నా గీసుకుందా జయా? మాత్ర ఏసుకున్యావా? కొర్రన్నం తిన్యావా?"

అన్నేళ్ళు కాపురం చేసినా నా అరికాలు ఎలా ఉంటుందో నా మొగుడికి తెలియదు. పైగా, వేలికి సూది గుచ్చి షుగరు చూసే మిషను కూడా కొన్నారు. రోజూ ఆమె నంబరును ఇంటిల్లిపాదీ ఎన్నికల ఫలితంలా వినేవాళ్ళు. నేనిక తట్టుకోలేకపోయాను. నాకూ షుగరు కావాలి. ఆమెకన్నా ఎక్కువే కావాలి. నేను పెద్దకోడల్ని!

ఉగాది పొద్దున ఓళిగలకు పూర్ణం రుబ్బుతున్నాను. మోచేతుల దాకా బెల్లం. జయమ్మ స్నానానికి పోయింది. మిషను కిటికీలో కనబడింది. కొత్త సూది పెట్టి, వేలు కొంగుకు తుడుచుకుని గుచ్చాను. కొంగుకు తుడిస్తే లోకంలో ఏదైనా శుభ్రమైపోతుందని నా నమ్మకం.

నాలుగు, మూడు, ఆరు!

"జయా! నాకు నాన్నూట ముప్పై ఆరు!"

"ఏమక్కా అది, మార్కులా?" అంది బాత్రూములోంచి.

"షుగరు మే! నీకు నూటయాభయ్యే గదా?"

ఆమె ముఖాన సబ్బుతోనే పరిగెత్తుకొచ్చింది. "కూచ్చో అక్కా, కదలాకు!" అంటూ సుధాకరుకు ఫోను చేసింది. వాడు వచ్చేలోగా ఓళిగలు కాలాయి, నైవేద్యం అయింది. నా చేత్తో రుబ్బిన పూర్ణం, నెయ్యి కారుతున్న ఓళిగలు! నేను చెయ్యి చాపితే పుల్లన్న పళ్ళెం లాగేసుకున్నాడు. పక్కింటి కాశింబీ కాకరకాయ రసం తెచ్చి, దగ్గరుండి తాగించింది. జయమ్మ మాత్రం, "మాత్ర ఏసుకున్నా, తినకుంటే కండ్లు తిరుగుతాయక్కా" అంటూ అర ఓళిగ తుంచుకుని నా ఎదురుగానే తిన్నది. మెల్లగా తిన్నది.

సుధాకరు రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, తిన్యావా?"

ఆ ఒక్క మాటకు నా కాకర చేదు దిగిపోయింది.

"కాళ్ళు తిమ్మిర్లు ఉండాయా?"

"శానా."

"దప్పికయితాండాదా?"

"బాయి తాగేటంత."

"కండ్లు మసకగా ఉండాయా?"

"నువ్వెవరు నాయనా?"

ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తించారు. అక్కడ నర్సు నన్ను కిందికీ మీదికీ చూసి, "సబ్బుతో చేతులు కడుక్కోని రాపో పెద్దమ్మా" అంది. కడుక్కొచ్చాక వేలు గుచ్చింది.

నూట పదహారు. పెళ్ళి చదివింపుల్లా!

"ఇంట్లో గుచ్చుకునే ముందు ఏం చేస్తాంటివి?" అని అడిగింది డాక్టరమ్మ.

"పూర్ణం రుబ్బుతాంటి."

"నువ్వు చూసింది నీ షుగరు కాదు పెద్దమ్మా, ఓళిగ షుగరు!"

సుధాకరు గోడకు తిరిగాడు. జయమ్మ నవ్వలేక నేల మీద కూలబడింది. డాక్టరమ్మే ముందుగా నవ్వు ఆపింది.

"కాకర రసం తప్ప ఏమీ తినలేదంట గదా, అట్లయితే ఇది కూడా ఎక్కువే. మీ ఇంట్లో ఎవురికన్నా ఉండెనా?"

"మా యమ్మకు ఉండె. పుండు మానక కాలు తీసేసిరి."

సుధాకరు గోడ వైపు నుంచి నా వైపు తిరిగాడు. నేను పండగపూట దేన్ని కోరి తెచ్చుకోబోయానో నా నోటితో అన్నాక గానీ నాకే తట్టలేదు.

"నీకింకా రాలేదు, గడప దాకా వచ్చింది" అంది డాక్టరమ్మ. "తెల్లన్నం తగ్గించు, కూరాకు పెంచు, రోజూ నడువు, ఆ నడుము కొంచెం తగ్గల్ల. అప్పుడప్పుడూ రక్తం చూపించుకుంటా ఉండు. వెనక్కి పంపచ్చు."

ఆటోలో జయమ్మ నా బెల్లం చెయ్యి, అదే, కడిగిన చెయ్యి వదల్లేదు. "రేపట్నుంచి నాతో నడువక్కా. మా ఆయప్పకు మోకాళ్ళ నొప్పులంట" అంది. ఇప్పుడు పొద్దున లేస్తే నా గడపలో ఆమె గొంతే. "లేస్తివా అక్కా? ఏం తిన్యావు? ఎంత తిన్యావు? ఎందుకు తిన్యావు?" అడిగే గొంతు కావాలని ఏడ్చినందుకు దేవుడు నాకు ఏకంగా పోలీసును పంపాడు.

కాబట్టి కల్లూరు కుళాయి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి రోగాన్నీ చూసి కుళ్ళుకోను. బెల్లం చేత్తో మిషను ముట్టను. జయమ్మ బూట్ల మీదున్న గులాబీ గీత విషయంలో మాత్రం నన్ను ఏమీ అనకండి. నాకు సుధాకరు వట్టి నల్లవి తెచ్చాడు.

ఇంక సాలు, జయమ్మా. మొదట్నుంచి సదివి ఇనిపీ. నిన్ను సూసి కుళ్ళుకున్న కాడ గొంతు తగ్గిస్తివా, నాకు తెలుస్తాది.