సాగని పిండి

రొట్టెల తాత పిండి మీద చెయ్యి వేస్తే తిరుగులేదని వీధంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోనివాళ్లను ఆయనే కూర్చోబెట్టి, చెవులు చిల్లులు పడేలా చెప్పి ఒప్పిస్తాడు. ఆయన బేకరీలో సరిగ్గా పొంగని రొట్టెకు అద్దాల బీరువాలో చోటు లేదు. అంతటి గీరమనిషికి ముకుతాడు వేయడానికి మనవరాలు పుట్టింది.

పుట్టగానే చేసిన రక్తపరీక్షలో తేలింది, పాపకు మాంసకృత్తులు పడవని. పాలు, గుడ్లు, మాంసం సరే, చివరికి గోధుమపిండి కూడా దూరమే.

"చక్కెర, పిండిపదార్థం, కొవ్వు ఇవన్నీ పడతాయి. మాంసకృత్తుల్లో ఉండే ఒక్క ముక్కే ఈ పాప ఒంట్లో అరగదు. పేరుకుపోతే మెదడు దెబ్బతింటుంది" అంది డాక్టరమ్మ.

తాత ఊరుకుంటేనా! "మా వంశంలో ఇలాంటివి లేవు" అని కోడలి మొహం మీదే అనేశాడు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "ఒంట్లో ఏది ఎలా తయారవ్వాలో డి.ఎన్.ఎ.లో రాసి ఉంటుందండీ. ఆ రాతలో తప్పు తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు వస్తుంది. మీ అబ్బాయికి అది మీరో, మీ ఆవిడో ఇచ్చి ఉంటారు."

కోడలు పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే తాతకు కాస్త తేలికయ్యేది, పాపం.

పాప పెరిగింది. ఏది కనిపించినా "అమ్మా, ఇది నేను తినొచ్చా?" అని అడగడం అలవాటైంది. పొయ్యిలోంచి రొట్టెలు తీసే వేళకు వచ్చి నిలబడి, వాసన చూసి వెళ్లిపోయేది. ఆ వెళ్లిపోవడం చూడలేక తాత మాటిచ్చేశాడు. "నిన్ను బళ్లో వేసే రోజుకి నీ డబ్బాలో నా రొట్టె ఉంటుందే, బంగారం!"

మాటివ్వడం తేలికే. మాంసకృత్తులు తీసేసి ఒట్టి పిండిపదార్థం మాత్రమే మిగిల్చిన తెల్లటి పొడి తెప్పించాడు. అది సాగదు, పొంగదు, తడిసిన సున్నంలా చతికిలబడుతుంది. పిండికి సాగే గుణం ఇచ్చేదే ఆ మాంసకృత్తులు మరి. పొడి మారుస్తూ, నూనె పెంచుతూ, పొయ్యిని తిడుతూ తాత నానా తంటాలూ పడ్డాడు.

బడి రేపనగా పిండి కుదిరింది. అరచేతి కింద సాగింది, వదిలితే వెనక్కి లాగింది. కాల్చితే బుట్టలా పొంగింది. "అమ్మాయ్, వచ్చేసింది!" అని కేకేశాడు. పాప అప్పటికే పళ్లెం పట్టుకుని పీటెక్కి కూర్చుంది.

తాత రొట్టె చీల్చి పాప చేతికిచ్చాడు. చీల్చినప్పుడు పోగులు పోగులుగా సాగింది. ఒట్టి పిండిపదార్థం ఎక్కడ సాగుతుంది? పక్కకి చూశాడు. గోధుమపిండి బస్తా మూతి తెరిచి ఉంది. పిండి చేతికి అంటుకుంటే బస్తాలోంచి గుప్పెడు తీసి చల్లడం ఆయన చేతికి పుట్టుకతో వచ్చినంత అలవాటు. అంటుకున్న ప్రతిసారీ ఆ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

నోటి దాకా వెళ్లిన ముక్కను లాగేసుకున్నాడు. పాప గుక్కపెట్టి ఏడ్చింది.

"నేనే కలిపేశానమ్మా, తెలియకుండా" అన్నాడు కోడలితో.

కోడలు పాపను ఎత్తుకుని ఆయన వైపు చూసింది. "తెలియకుండా ఇచ్చినదానికి ఎవర్ని ఏమంటాం, మామయ్యా?"

తాత బస్తాలన్నీ కొట్టుగదిలోకి చేర్చి తలుపేశాడు. బల్ల కడిగాడు, గిన్నెలు కడిగాడు, చేతులు మళ్లీ మళ్లీ కడుక్కున్నాడు. సాగని పిండిని సాగమనడం మానేసి, తెల్లపొడిని నూనె, చక్కెరలతో జారుగా కలిపి రేకు అచ్చులో పోసి కాల్చాడు. పొట్టిగా, పాలిపోయి, ముట్టుకుంటే రాలే రొట్టె వచ్చింది. దాన్నే అద్దాల బీరువాలో పైవరసన పెట్టాడు.

మర్నాడు బడికి బయల్దేరేముందు కోడలు ఆ రొట్టె కోసింది.

"అమ్మా, ఇది నేను తినొచ్చా?"

"తినొచ్చు."

పాప ఒక ముక్క డబ్బాలో పెట్టించుకుని, ఇంకొకటి కొరికి, కళ్లు పెద్దవి చేసుకుని నమిలింది. తాత చేతులు ఖాళీగా ఉండటం చూసి నమలడం ఆపేసింది. తల్లి చెవి దగ్గరకు వెళ్లి, దిగులుగా అడిగింది.

"అమ్మా, మరి తాత తినొచ్చా?"