నల్ల కారు మీద చెయ్యందని చోటు

మా ఆయన్ని ఈ వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు నిజంగానే అద్దాలు అమ్ముతారనుకుని కిటికీ కొలతలు పట్టుకుని వస్తుంటారు. ఆయన అమ్మేది ఏమీ లేదు. గీతలు పడి మసకబారిన నల్ల కార్లను మళ్ళీ ముఖం చూసుకునేలా చేస్తారు, అంతే. ఇంట్లో మాత్రం ముఖం చూసుకునే అద్దం మీద సబ్బు మరకలు నేనే తుడుచుకోవాలి.

తెల్ల కారు ఎన్ని గీతలనైనా కడుపులో దాచుకుంటుంది. నల్లదానికి ఆ గుణం లేదు. దుమ్ము మీద ఒక్కసారి పొడిగుడ్డ పెట్టి తుడిస్తే చాలు, మర్నాడు ఎండలో సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలన్నీ బయటపెడుతుంది. నల్ల కారు కొన్నవాడు కారు కొనలేదు, కాపలా ఉద్యోగం కొనుక్కున్నాడు అంటారు మా ఆయన. ఎదుటివాళ్ళు నవ్వకపోయినా ఆయన నవ్వుకుంటారు.

పెళ్ళినాటికి ఆయన కార్లకు రంగులు వేసే చోట అరగదీసే పనిలో ఉండేవారు. వేళ్ళ చివర్లు అరిగిపోయి నున్నగా ఉండేవి. తర్వాత సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నారు. అందులో ఒకవైపు కార్లు కడగడం, పరదా కట్టిన రెండోవైపు గీతలు తీయడం. పరదా వెనక వెలుగు రానివ్వరు. చేతిదీపాన్ని కారు మీదికి ఏటవాలుగా పట్టుకుని, ముక్కు ఆనించినంత దగ్గరగా చూస్తూ చుట్టూ తిరుగుతారు. నన్ను అంత శ్రద్ధగా ఎప్పుడైనా చూశారా అని అడిగితే, నీకు గీతలు లేవుగా అన్నారు ఒకసారి. కోపం తెచ్చుకోవాలో, మురిసిపోవాలో తేల్చుకోలేకపోయాను.

ఆయన పనిలో కీలకమంతా తొందరపడకపోవడమే. ముందు ఒక మూల అరచెయ్యంత చోట, అన్నిటికంటే మెత్తని పేస్టుతో, మెత్తని స్పాంజితో పాలిష్ మిషన్ నడిపి చూస్తారు. దానికి గీత పోతే అదే చాలు. పోకపోతేనే కాస్త గట్టిది. ఎందుకంటే రంగు మీద గాజులాంటి పలచని పొర ఒకటి ఉంటుంది. గీత తీయడమంటే దాన్ని పూడ్చడం కాదు, దాని అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీయడం. అందుకని ఒకే కారుకి పదేపదే చేసే పని కాదది. పొర అరిగిపోయిందంటే ఆ కారుకి మళ్ళీ రంగు వేయించుకోవలసిందే.

కడిగే వైపు ఆయన పెట్టిన చట్టాలు వేరు. బకెట్లు రెండు ఉండాలి. ఒకదాంట్లో సబ్బు, ఇంకొకదాంట్లో మంచినీళ్ళు. గుడ్డను మంచినీళ్ళలో జాడించాకే మళ్ళీ సబ్బులో ముంచాలి. గుడ్డ చేయిజారి కింద పడిందంటే, అది ఇక నేల తుడవడానికే. ఒక ఇసుక రేణువు చాలు, ఒక పూట పని నాశనం చేయడానికి. ఆ గుడ్డలు ఉతికేది నేను. ఇంటి బట్టలతో కలపను. కొత్త గుడ్డ రాగానే అంచున ఉండే కంపెనీ పట్టీని కత్తెరతో తీసేస్తాను, అది కూడా గీరుతుందని. నా కత్తెర పడని గుడ్డ ఆ షెడ్డులోకి వెళ్ళదని గర్వంగా చెప్పుకునేదాన్ని.

కడిగేవాడు మా తమ్ముడు. వాడిని బుడ్డోడంటాం. చిన్నప్పుడు పెట్టిన పేరు, వాడు పెద్దగా ఎదగకపోవడంతో అలాగే ఉండిపోయింది. చంకనెత్తుకుని పెంచాను వాణ్ణి. ఏ పనిలోనూ కుదురుగా నిలవకపోతే, మీ దగ్గర పెట్టుకోండని నేనే మా ఆయన్ని అడిగాను. ఆయన మారుమాట లేకుండా గుడ్డ చేతికిచ్చి పక్కన నిలబెట్టుకుని నేర్పారు. ఒకసారి కారు పైకప్పు తుడుస్తూ స్టూలు మీంచి పడ్డాడు వాడు. ఆనాటి నుంచి స్టూలెక్కమంటే ఎక్కడు. రెండు పక్కల నుంచీ కాలివేళ్ళ మీద నిలబడి, అందినంత మేర తుడిచి వదిలేస్తాడు. పైకప్పు నడుమ పట్టీలాగా కొంత చోటు మిగిలిపోతుంది. దాన్ని మా ఆయన శుభ్రమైన గుడ్డతో తుడిచి పూర్తిచేస్తారు. నీ పొడుగెంతో కొలవడానికి టేపు ఎందుకురా, కారు పైకప్పు చూస్తే చాలు అని ఏడిపించేవారు. వాడూ నవ్వేవాడు. భోజనాల దగ్గర మాకు అదొక కాలక్షేపం.

ఇక నర్సమ్మగారి సంగతి. ఆస్పత్రిలో పెద్ద నర్సుగా చేసి రిటైరయ్యారు. ఒక్కరే ఉంటారు. జీవితమంతా తెల్లబట్టలే కట్టాను, కారైనా నల్లగా ఉండనీ అని కొనుక్కున్నారట. మొదటిసారి మా షెడ్డుకి వచ్చినప్పుడు కారు నిండా గీతలే. అంతకుముందు ఎక్కడో బ్రష్షులు తిరిగే చోట కడిగించారు. మా ఆయన పరదా వెనక నుంచి బయటికి తెచ్చిపెడితే ఆవిడ కారు చుట్టూ తిరిగి, తలుపు మీద తన ముఖం చూసుకుని జుట్టు సర్దుకున్నారు. ఇక కడిగించడానికి కూడా ప్రతివారం మా దగ్గరికే.

కొన్ని నెలలకు ఆ కారు మీద మళ్ళీ సాలెగూడు పడింది. మా ఆయన దీపం పట్టుకుని చాలాసేపు చూశారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఆవిడ ఇంట్లో ఎవరో పొడిగుడ్డతో తుడుస్తున్నారు, నువ్వు వెళ్ళి గుడ్డ ఎలా వాడాలో, ఎలా ఉతకాలో నేర్పిరా అన్నారు. ఆడవాళ్ళు ఆడవాళ్ళు మాట్లాడుకుంటే బాగుంటుందనుకున్నారేమో అనుకుని, నా గుడ్డలే రెండు పట్టుకుని బయల్దేరాను. పాఠం బాగానే చెప్పాను లెండి. నాకు నోటికి లోటు లేదు.

ఆవిడ అంతా విన్నారు. తర్వాత నెమ్మదిగా, "మా ఇంట్లో ఆ కారుని ఎవరూ తుడవరమ్మా" అన్నారు.

నేను నవ్వి తలూపాను. ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూడలేదు. పెరుగు ఒలకబోసిన పిల్లలు కూడా అలాగే అంటారు. నా నవ్వు చూసి ఆవిడ కాసేపు ఆలోచించి, తనే తుడిచి మర్చిపోతున్నానేమో అన్నారు. అయ్యుంటుందండీ, వయసు మీద పడితే చేతులు ఊరికే ఉండవు అని సరసమాడి వచ్చేశాను.

రెండోసారి గీతలు తీసి పంపిన కారు మూడోసారి కూడా అదే వేషంతో వచ్చింది. మా ఆయన ఈసారి మిషన్ పెట్టలేదు. రెండు రోజులు చేత్తోనే రుద్ది, కుదిరినంత సరిచేసి, పొర బాగా పలచబడింది, ఇక దీన్ని ముట్టుకోలేనని ఆవిడకు చెప్పి పంపారు. ఆ తర్వాత నర్సమ్మగారు కడిగించడానికి కూడా రాలేదు. కోపమొచ్చిందేమో, పోనీలే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆరిన గుడ్డలు ఇవ్వడానికి షెడ్డుకి వెళ్ళాను. మా ఆయన స్పాంజిలు తేవడానికి బజారుకి వెళ్ళారు. ఎవరిదో నల్ల కారు నీళ్ళోడుతూ ఉంది. బుడ్డోడు నన్ను చూడలేదు. నీళ్ళ డ్రమ్ము వెనకకి వంగి, ఒక గుడ్డ తీసి, నేల మీద ఒకసారి అద్ది, బానెట్ తుడవడం మొదలుపెట్టాడు. ముందు నా కంటపడింది గుడ్డ అంచున ఉన్న పట్టీ. నా కత్తెర తగలని గుడ్డ అది. చేతిలోంచి లాక్కున్నాను. ఇసుకతో బరబరలాడింది.

ఏమిట్రా ఇది అన్నాను. మొదట జారిపడిందన్నాడు. జారిపడిన గుడ్డ డ్రమ్ము వెనక ఎందుకు దాక్కుంటుందని నిలదీస్తే ఒప్పుకున్నాడు, అదీ తల దించుకుని కాదు.

"బావ ఒకసారి చేశాడంటే ఆ కారు మళ్ళీ ఎందుకొస్తుందక్కా? అందుకే అప్పుడప్పుడు నల్లవాటికి కాస్త తగిలిస్తున్నా. నీ ఇల్లు నడవాలనే కదా."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అంటుండేది. ఆ బుర్రను నేను స్వయంగా ఎత్తుకుని పెంచాను. బావ కష్టాన్ని బూడిదపాలు చేశావు, ఆయనకి తెలిస్తే గుండె పగిలి చస్తారు అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. వాడు నావైపు జాలిగా చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

"బావకి తెలీదనుకుంటున్నావా? ఆయన కన్నుగప్పి గీత ఎక్కడికి పోతుందక్కా?"

మా ఆయన వచ్చేదాకా ఆ గుడ్డ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన సంచీ దించుతూ గుడ్డను చూశారు, నన్ను చూశారు, వాణ్ణి చూశారు. ఇదేమిటని అడగలేదు. అడగకపోవడంతోనే నాకు సగం అర్థమైంది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"నర్సమ్మగారి కారు రెండోసారి వచ్చినప్పుడే" అన్నారు. "కారంతా సాలెగూడే. పైకప్పు నడుమ ఒక్కచోట గీత లేదు. అంతవరకు చెయ్యందనివాడు ఇక్కడ ఒక్కడే కదా."

"మరి ఆ సాయంత్రమే నన్ను ఆవిడ ఇంటికి పాఠం చెప్పడానికి ఎందుకు పంపారు?"

ఆయన స్పాంజిల మీది కవరు విప్పుతూ అన్నారు.

"నీ తమ్ముడు. నీకెలా చెప్పను?"

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. తమ్ముడు మోసం చేశాడంటే వాడు మొదట్నుంచీ అంతే అని సరిపెట్టుకోవచ్చు. ఈయన గుడ్డకి ఒక్క రేణువు అంటితే ఆ గుడ్డే మార్చే మనిషి. తెలిసి తెలిసి ఒక మంచి మనిషి మీద నింద వేసి, ఆ నింద మోసుకెళ్ళడానికి నన్ను వాడుకున్నారు. నా పరువు కోసమట. నా పరువు ఎలా ఉండాలో నన్నొక్క మాట అడగలేదు. అంతా నాకోసమే చేశారు ఇద్దరూ, నాకు తప్ప ఇద్దరికీ తెలుసు.

ఆ కాళ్ళతోనే నర్సమ్మగారింటికి వెళ్ళాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని దారిపొడుగునా అనుకుంటూనే ఉన్నాను. అయినా ఆగలేదు.

కారుకి ముసుగు వేసి ఉంది. చక్రాల పక్కన ఎండుటాకులు పేరుకున్నాయి. ఆవిడ నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. కోపం ఏమీ లేదు. కారు తీయడం మానేశానని, తాళంచెవి పక్కింటివాళ్ళకు ఇచ్చేశానని చెప్పారు. చేసిన పని చేసినట్టు గుర్తుండనప్పుడు మనిషి బండి నడపకూడదట. మతిమరుపు మొదలైందేమో చూడమని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళారట. అని, లోపలికి వెళ్ళి రెండు గుడ్డలు తెచ్చి నా ముందు పెట్టారు. నేనిచ్చినవే. మడత నలగలేదు.

"నువ్వు చెప్పినట్టే వారం వారం ఉతుకుతున్నానమ్మా. దేనికీ వాడలేదు. వాడినట్టు గుర్తులేదు మరి."

చెప్పేశాను. గుడ్డ సంగతి, తమ్ముడి సంగతి, మా ఆయనకు తెలుసన్న సంగతి, ఏదీ దాచలేదు. ఆవిడ ఆ గుడ్డల మీద చెయ్యి పెట్టుకుని విన్నారు.

"అయితే నేను తుడవలేదన్నమాట" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆ మాటే మళ్ళీ అనుకున్నారు, ఈసారి తనలో తనే.

తర్వాత నావైపు తిరిగారు. "తమ్ముడు నీవాడు. ఆయన నీ భర్త. గుడ్డలు ఉతికేదేమో నువ్వు. నీకు మాత్రం తెలీదా అమ్మా?"

"తెలీదండీ" అన్నాను.

ఆవిడ చిన్నగా నవ్వి తలూపారు. ఆ నవ్వు నాకు తెలుసు. మా ఇంట్లో ఎవరూ తుడవరమ్మా అని ఆవిడ అన్నప్పుడు నేను నవ్వింది అదే నవ్వు.