బుడ్డదాని నడుం మీద నాలుగు కిలోల ఎనిమిది వందలు

చదువుకున్న మనిషి ఒకడు, చేతిలో ఎలక్ట్రానిక్ తూకం, జేబులో పదకొండు అంశాల జాబితా పెట్టుకుని, ఏడు కోడిపెట్టలున్న పెరటిని రెండు నెలల్లో ఎలా పాడు చేయగలడో తెలియకపోతే నన్నడగండి. చేసి చూపించినవాణ్ణి.

నేను సివిల్ ఇంజనీరును. నంద్యాలలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం. ఏ దూలం ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టడం నా పని. ఈ ముక్క గుర్తుంచుకోండి. చివర్లో నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

ఆళ్లగడ్డలో మా పెరట్లో ఉన్న ఏడు నాటు పెట్టలూ అమ్మవి. బనగానపల్లెలో అవ్వ బతికున్నప్పుడు, అమ్మ కొంగులో చుట్టి బస్సులో తెచ్చుకున్న ఒక పెట్ట సంతానం అవన్నీ. వాటిలో ఆరు గుడ్డు పెట్టి, వీధంతా చాటి, మళ్లీ దాని మొహం చూడవు. ఏడోది బుడ్డది. సైజులో అన్నిటికంటే చిన్నది. ఎవరి గుడ్లయినా సరే, ఇరవై ఒక్క రోజులు కూర్చుని పొదిగేది అదొక్కటే. మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లా దాని పొట్ట కిందనుంచి వచ్చిందే.

"మా అమ్మ గూడా ఇట్లే, ఒక పని మీద కూచున్యాదంటే లేసేది కాదు" అనేది అమ్మ, దాన్ని చూసినప్పుడల్లా.

మా పాత పుంజును కుక్క ఎత్తుకుపోయింది. కొత్తది కావాలి. పక్కింట్లోంచి ఒకటి అడిగి తెచ్చుకుంటే సరిపోయేది. కానీ ఇంట్లో ఇంజనీరు ఉన్నాక అంత సులువుగా ఎలా జరుగుతుంది? జాబితా రాశాను. బరువు, ఎత్తు, జుట్టు రంగు, కంటి రంగు, కాలి పొలుసు, కూత... మొత్తం పదకొండు. నంద్యాల శివార్లలో జాతి కోళ్లమ్మే ఆయన దగ్గర పదకొండింటికీ సరిపోయిన పుంజు దొరికింది. నా తూకంలోనే తూచాను. నాలుగు కిలోల ఎనిమిది వందలు.

"మీ పెట్టలు ఏం సైజప్పా?" అన్నాడాయన.

"నాటువి. చిన్నవే."

"అట్లయితే ఇది వద్దులేప్పా. ఆడ చిన్న పుంజు ఉండాది, చూడు."

నాకు వెంటనే అర్థమైంది. ఇంతకంటే మంచి బేరం కోసం దీన్ని దాచుకుంటున్నాడు. అమ్మేవాడే వద్దంటే కొనేవాడికి పిచ్చెక్కుతుంది. నాకూ ఎక్కింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడట వెనకటికొకడు. నేను పట్టిన పుంజుకు తప్పనేదే లేదు.

బస్సులో సిమెంటు సంచికి బొక్క పెట్టి, తల బయటికి వదిలి, ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏమప్పా, సంచిలో ఏందీ?" అన్నాడు కండక్టరు.

"కోడి."

ఆయన వంగి పుంజును చూశాడు. పుంజు ఆయన్ను పైనుంచి కిందికి చూసింది.

"కోడా? పొట్టేలు మాదిరి ఉండాదే. దాని తల రోంత లోపలికి పెట్టుకోమను, ఆడోళ్లు దిగల్ల."

ఇంటికొచ్చి సంచి విప్పితే, అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏందిరా నాయనా ఇది?"

"జాతి పుంజమ్మా. దీనికి పుట్టే పిల్లలు రెండింతలుంటాయి."

"రెండింతల పిల్ల మన గుడ్డులో యాడ పడ్తాదిరా?"

నేను పావుగంటసేపు వంశలక్షణాల గురించి వివరించాను. అమ్మ అంతా విని, "అది సరే. ఇది మీదికెక్కితే మన పెట్టలు యాడికి పోవల్ల?" అంది.

"అలవాటు పడతాయిలేమ్మా."

గోడ అవతలినుంచి పక్కింటి మాబున్నీ అక్క తల పెట్టింది. "గాడిద మూట తెచ్చి కోడిపిల్ల మీద పెడ్తే మూట మిగుల్తాదప్పా, పిల్ల మిగల్దు."

చదువులేని మాటలు కదా, నవ్వి ఊరుకున్నాను.

మొదటి వారంలో పెట్టల వీపుల మీద ఈకలు పోయాయి. "ఈకలు రాలే కాలం" అని పుస్తకంలో రాసుకుని కాల్షియం పొడి పెట్టాను. రెండో వారంలో వీపులు గీరుకుపోయాయి, రెక్కల కింద పుంజు గోళ్ల గాట్లు. అమ్మ పసుపు రాసి, పాత రవికలు కత్తిరించి, ఏడింటికీ వీపు మీద కప్పేలా కుట్టి కట్టింది. ఆ కుట్టులో కొలత లేదని నాకు నచ్చలేదు. బొమ్మ గీసి, మిల్లీమీటరు తేడా లేకుండా టార్పాలిన్‌తో ఏడు కవచాలు చేశాను. వాటిని కట్టగానే పెట్టలన్నీ గింజ కోసం వంగి, వంగినవి వంగినట్టే ముందుకు పడిపోయాయి.

"ఆ పుంజును యిచ్చేయ్ రా" అంది అమ్మ.

"నెలన్నా చూడకుండా ఎట్ల చెప్తామమ్మా?"

ఆపైన పెట్టలు గూటికి రావడం మానేశాయి. ఆరూ స్నానాలగది రేకు మీద, బుడ్డది వంటింటి మూల పడుకునేవి. ఏడింటి కోసం కట్టిన గూట్లో పుంజు ఒక్కటే, జనం రాని ఆఫీసులో అధికారి మాదిరి కూర్చునేది.

ఇంత జరిగినా బుడ్డది పొదుగుకొచ్చింది. నా ముచ్చట తీర్చడానికే అమ్మ వంటింటి మూల గంపలో దాని కింద తొమ్మిది గుడ్లు పెట్టింది. పొదిగే పెట్ట రోజుకొకసారి లేచి, బయట ఇన్ని గింజలు తిని, నీళ్లు తాగి వస్తుంది. ఆ కాసేపూ అమ్మ పుంజును పెద్ద గంప కింద మూసేది.

పదహారో రోజు అమ్మ బనగానపల్లెలో చుట్టాలింటికి పోవాల్సి వచ్చింది. ఆదివారం. నాకు సెలవు.

"ఒక్కటే పని చెప్తాండా, యిను. బుడ్డది లేసే ముందర పుంజును ముయ్యి. అంతే."

"ఎన్ని గంటలకు లేస్తాదమ్మా?"

"దానికి గంటలేం తెల్సురా. గంపలో మసులుతాది. మసిలితే ముయ్యి."

అమ్మ చెప్పింది ఒక్క పని. నేను దాన్ని పన్నెండు చేశాను. నాలుగు రోజులుగా అది లేచినప్పుడల్లా అమ్మతో ఫోన్ చేయించుకుని రాసుకున్న సమయాలు నా దగ్గరున్నాయి. సగటు పదకొండు గంటల రెండు నిమిషాలు. కాబట్టి పదీ యాభైఐదుకు పుంజును మూయాలి. అది తొమ్మిదో అంశం.

పదీ నలభైకి నేను ఎనిమిదో అంశం మీద ఉన్నాను. తూకానికి బ్యాటరీ మారుస్తున్నాను.

"అప్పా, బిన్నా రా, బుడ్డది" అని గోడ మీదినుంచి మాబున్నీ అక్క కేక.

స్క్రూడ్రైవరుతోనే పరుగెత్తాను. పుంజు అప్పుడే దిగి, ఒళ్లు దులుపుకుంటోంది. పదహారు రోజులు సగం కడుపుతో కూర్చున్న బుడ్డది, కాళ్లు ఈడ్చుకుంటూ, గింజల వైపు కాదు, వంటింటి వైపు పాకుతోంది. గడప ఎక్కలేకపోయింది. నేనే ఎత్తి గుడ్ల మీద పెట్టాను. రెక్కలు పరిచి, తొమ్మిదింటినీ కిందికి లాక్కుంది. మధ్యాహ్నానికి అలాగే, వాటి మీదే, చల్లబడింది.

అప్పుడు తూచాను. తొమ్మిది వందల గ్రాములు. అంతకుముందు ఎప్పుడూ దాన్ని తూచలేదు. నా పదకొండు అంశాల్లో పెట్టల బరువు లేదు.

సాయంత్రం అమ్మ వచ్చి, గంప ముందు కూర్చుంది.

"ఎన్ని గంటలకురా?"

"పదీ నలభైకి."

"రాసుకున్యావా?"

"రాసుకున్యా."

"సరేలే అయితే."

పుంజును కోసేద్దామా అని అడిగాను.

"దాన్నెందుకు? దాని బరువు దానికి తెల్దు. నీకు తెల్సు."

గుడ్లను అట్టపెట్టెలో బల్బు కింద పెట్టి, గంటగంటకూ వేడి రాసుకున్నాను. పట్టిక చాలా చక్కగా వచ్చింది. పిల్ల ఒక్కటీ రాలేదు. పుంజును తిరిగి ఇచ్చేయడానికి తీసుకుపోతుంటే మళ్లీ అదే కండక్టరు. "ఏమప్పా, పొట్టేలు వాపసు పోతాండాదే?" అన్నాడు. రేకు మీది ఆరు పెట్టలూ కిందికి దిగాయి. ఇప్పటికీ అవి గుడ్డు పెడతాయి, అరుస్తాయి, వెళ్లిపోతాయి. కూర్చునేది లేదు.

కావున, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసి ఇచ్చునదేమనగా: ఇకమీదట ఈ జన్మలో దేన్నయినా దేనిమీదికైనా ఎక్కించే ముందు పైదాన్ని కాదు, కిందదాన్ని తూచెదను.

ఈ ప్రమాణాన్ని అమ్మకు చదివి వినిపించాను. గింజలు చల్లుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఇది ఎన్నో నంబరురా?"