బామ్మర్దికి మాత్రం చెప్పే లెక్క

ఇంగ్వార్‌ది ఒక్కడే నడుపుకునే చిన్న చేపల పడవ. ఉప్పునీళ్ళకి పగిలిన వేళ్ళు, బొటనవేలికి ఎప్పుడూ నల్ల టేపు. పడవ మునిగేంత చేప పడినా, రేవులో ఎవరడిగినా "ఏదో కాస్త" అంటాడు. ఈ నార్వే తీరంలో అందరిదీ అదే మాట. ఎక్కువ పడిందని నోరు జారితే తెల్లారేసరికి ఆ చోట ఊరి పడవలన్నీ వాలతాయి. ఖాళీగా వచ్చినోడు మాత్రం "ఏం లేదు" అని ఉన్నమాటే చెప్తాడు. ఒక్క బామ్మర్ది హాల్దోర్ చెవిలోనే ఇంగ్వార్ "గుట్టలు గుట్టలు" అని, చోటు కూడా చెప్పేవాడు. హాల్దోరూ అంతే.

ఈ ఏడు ఇంగ్వార్ వలకి చేప తగల్లేదు. ఇట్టాగే పోతే పడవ అమ్ముకోవాల్సిందే. మొన్న మధ్యాహ్నం హాల్దోర్ పడవ అంచుల దాకా నీళ్ళలో దిగబడి రేవుకొచ్చింది. ఇంగ్వార్ తాడు అందుకున్నాడు.

"ఏం బామ్మర్దీ, ఎట్టా ఉంది?"

"ఏదో కాస్త."

రేవులోవాళ్ళు నవ్వారు. ఇంగ్వారూ నవ్వి, వాళ్ళు పోయేదాకా నిలబడ్డాడు. హాల్దోర్ మాత్రం అతని దగ్గరికి రాలేదు.

"పరాయోళ్ళు లేరుగా, చెప్పు."

"చెప్పాగా బావా, కాస్తే," అన్నాడు హాల్దోర్, మొహం చూడకుండా. "మరి నీకో?"

పక్కనే కట్టేసిన ఇంగ్వార్ పడవలో టార్పాలిన్ కింద కాఫీ ఫ్లాస్కు తప్ప ఏం లేదు. బొటనవేలి టేపు నొక్కుకున్నాడు.

"ఏదో కాస్త," అన్నాడు.

తాడు చుడుతున్న హాల్దోర్ చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కడ బావా?"

ఇంగ్వార్ ఫ్లాస్కు తీసుకుని ఇంటిదారి పట్టాడు.