షట్టరు కింద మా గొర్రెలు

నా చిన్నప్పుడు మా ఊరి పక్కన తవ్విన పెద్దకాలువ ఏరంత వెడల్పు ఉండేదని మనవళ్లకు చెబుతుంటాను. అంత లేదు, రెండు ఎద్దులబండ్లు పక్కపక్కన పోయేంత. మా అవ్వ కూలికి పోయి దానికి రాళ్లు మోసింది. నల్లగుండ్లు పగలగొట్టి, గోడలు కట్టి, గోడల్లో నిలువునా గాడి తీసి ఇనుప పలకను దించారు. పైనున్న చక్రం తిప్పితే పలక లేస్తుంది. దాన్నే షట్టరు అనేవాళ్లం. కట్టి ఏళ్లయినా చుక్క నీరు రాలేదు. నీళ్లు వదులుతారని దండోరా వేస్తే ఊరంతా నవ్వింది. "ముందు మబ్బులోకి రానీప్పా నీళ్లు!" అన్నారు.

నేనూ నమ్మలేదు. మరునాడు షట్టరుకు దిగువన, కాలువ అడుగున మొలిచిన గడ్డికి గొర్రెలను తోలాను. మా ఇంటికున్న ఆస్తల్లా ఆ మందే.

మిట్టమధ్యాహ్నం, చక్రం తిప్పే లస్కరు పైనుంచి గొంతు చించుకున్నాడు. "రేయ్, యాడ మేపుతాండావురా! నీళ్లొచ్చినాయి!"

పలక వెనక నీళ్లు పెరుగుతున్నాయి, సందుల్లోంచి చిమ్ముతున్నాయి. రెండు వైపులా నున్నటి రాతిగోడలు. మేం దిగిన బాట ఎక్కడో దూరాన ఉండిపోయింది. దగ్గరున్నవి షట్టరు పక్కన ఇరుకు మెట్లే. నీళ్లు చిమ్మే ఆ వైపుకు గొర్రెలు రానంటున్నాయి.

అవ్వ పరుగెత్తుకొచ్చింది. "నాయనా, రవ్వంతసేపు ఆపు!"

"చుట్ట కాలేంతసేపు ఆపుతానమ్మా. ఆపైన ఎగువన కాలువ కట్ట తెగుతాది, ఊరు మునుగుతాది."

నేను పొట్టేలు కొమ్ములు పట్టి లాగుతున్నాను. అది కదల్లేదు. అవ్వ దిగివచ్చి నన్ను పక్కకు నెట్టింది. ముందురోజు పుట్టిన పిల్లను చంకనెత్తుకుని మెట్ల వైపు నడుస్తూ, దాని చెవిని గోటితో నొక్కింది. పిల్ల గుక్కపెట్టి అరిచింది. తల్లిగొర్రె వెంటపడింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మంద మొత్తం. మెట్ల సగంలో పిల్ల ఊరుకుంది. మంద ఆగిపోయింది. అవ్వ మళ్లీ నొక్కింది, ఈసారి గట్టిగా.

"అమ్మా, ఇంక నా చేతగాదు!" లస్కరు చక్రం మీద చేతులు వేశాడు.

చివరి గొర్రెతో పాటు మేమూ గట్టెక్కగానే చక్రం తిరిగింది.

నీళ్లు తాటిమాను ఎత్తున లేచాయని, పొట్టేలును నేనే భుజాన వేసుకొచ్చానని చెబుతుంటాను. వచ్చింది నడుములోతే. గొర్రెకు అది చాలు. పొట్టేలు తనంతట తానే ఎక్కింది. మంద వెనక ఏడుస్తూ ఎక్కినవాణ్ని నేను.

ఊరంతా నీళ్లలో దూకి కేకలు వేస్తోంది. అవ్వ మాత్రం గట్టు మీద కూర్చుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని, కందిన చెవి మీద ఊదుతోంది. "నొప్పి పెట్టినాను గదమ్మా నిన్ను" అంటోంది. నీళ్లవైపు తల తిప్పనైనా లేదు.

తర్వాత నా బతుకులో, మేలుకని ఎవరినైనా ఏడిపించాల్సి వచ్చినప్పుడల్లా, పని కాగానే లేచిపోకుండా వాళ్ల పక్కన కూర్చున్నాను. ప్రతిసారీ అని రాయబోయాను. కాదులే, చాలాసార్లు.