ఎగరని కొంగ

ఈ ఉదయం కిష్టారెడ్డిపేట దగ్గరి పార్కులో కెమెరా ఎత్తానో లేదో, కొంగలన్నీ ఎగిరిపోయాయి. అప్పుడే గాలిలో ఘాటైన కెమికల్ వాసన తగిలింది. నేను మొట్టమొదట ఫొటో తీసిన కొంగ గుర్తొచ్చింది.

అప్పుడు నేను మూడో తరగతి. నాయిన పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒక ఆదివారం నన్ను ఆ దగ్గర్లోని పార్కుకు తీసుకెళ్లాడు. పార్కులోని కుంట నీళ్లు ఎర్రగా ఉన్నాయి. గట్టు పొడుగునా సబ్బు నురగలాంటి నురగ. దాని పక్కనే ఒక తెల్లకొంగ మెడ ముడుచుకుని కూర్చుంది. చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వెళ్లినా కదల్లేదు.

"నాయినా, నన్ను జూసి భయపడ్తలేదు! దీనికి నేనంటే ఇష్టమా?"

నాయిన ఒకసారి కొంగను, ఒకసారి ఆ ఎర్రటి నీళ్లను చూశాడు. "అవు బిడ్డా. ముట్టకు. జల్దీ ఫొటో తీస్కో, పోదాం," అని ఫోన్ నా చేతికిచ్చాడు.

కొంగ కళ్లు సగం మూతపడి ఉన్నాయి. నా ఫొటో కోసమే కుదురుగా కూర్చుందనుకున్నాను. పిట్టలకు నేనంటే భయం లేదని బడిలో గొప్పలు చెప్పుకున్నాను.

పెద్దయ్యి పిట్టల వెంట తిరగడం మొదలుపెట్టాకే తెలిసింది, ఒంట్లో సత్తువున్న ఏ కొంగా మనిషిని అంత దగ్గరికి రానివ్వదని. అది ఆ నీళ్లు తాగి చావడానికి కూర్చుంది. ఫ్యాక్టరీల నుంచి ఆ కుంటలోకి ఏం వదిలేవాళ్లో నాయినకు ఆ రోజే తెలుసు.

మర్నాడు పొద్దున ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని ఎప్పటిలాగే డ్యూటీకి బయల్దేరాడు. కంపెనీ బస్సు మలుపు తిరిగేదాకా నేను సంతోషంగా చెయ్యి ఊపుతూనే ఉన్నాను.