తీగ తగిలించకముందే ఎర్రబడ్డ తాళంచెవి

1978 జూన్‌లో పుత్తూరు దగ్గరి ఒక బాలికల హైస్కూల్లో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. ప్రయోగాలకు సామాను సిద్ధం చేయడం, గాజు సామాను కడిగిపెట్టడం, స్టాకు రిజిస్టరు రాయడం నా పని. నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. నాయన ఇంట్లోనే చదువు చెప్పి, ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాయించినాడు. "బడి గడప తొక్కని మనిషి చేతికి ల్యాబు తాళాలా?" అని హెడ్మిస్ట్రెస్ నా ఎదుటే అన్నారు. రెండేళ్ల ప్రొబేషను. ఈలోగా పని సరిగా లేదని పైవాళ్లు రాస్తే ఇంటికి పోవాల్సిందే.

సైన్సు టీచరు వసుంధరమ్మగారు మాత్రం ఓపికగా నేర్పించారు. ఆ తల్లి పుణ్యాన విద్యుద్విశ్లేషణ నాకు తలకెక్కింది. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, కరిగించిన నీళ్లలో రాగి రేకును బ్యాటరీ ధనధ్రువానికి, పూత పడాల్సిన వస్తువును రుణధ్రువానికి కలపాలి. కరెంటు పారితే రేకులోని రాగి నీళ్లలోకి దిగుతుంది, నీళ్లలోని రాగి వస్తువు మీదికి చేరుతుంది.

మరుసటి ఏడు చిత్తూరు నుంచి స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చారు. ఆయన ముందు చేయాల్సింది ఈ ప్రయోగమే. "అన్నీ రెడీగా పెట్టమ్మా" అన్నారు టీచరు. అయ్యవారు వచ్చేలోపే పూజకు అన్నీ అమర్చిపెట్టడం మా ఇంటి అలవాటు. అదే తీరున ఇనప తాళంచెవిని కూడా ముందే ద్రావణంలో వేలాడదీసి, బ్యాటరీ తీగ ఒక్కటి టీచరు చేతికి వదిలిపెట్టాను.

టీచరు తీగ అందుకోబోతుండగా ముందు బెంచీ చెంగమ్మ లేచింది. "టీచర్! తీగ తగిలించనే లేదు, బీగంచెవి అప్పుడే ఎర్రగా అయిపోయుండాది!"

క్లాసంతా గొల్లున నవ్వింది. ఇన్‌స్పెక్టరు తాళంచెవిని బయటికి తీసి రుమాలుతో తుడిచారు. ఎరుపంతా రుమాలుకు వచ్చేసింది. "కరెంటు లేకుండానే పూత పడితే ఇంక బ్యాటరీ ఎందుకమ్మా?" అని టీచర్ని అడిగారు.

"తప్పు నాది సార్. ముందే ముంచిపెట్టినాను" అన్నాను.

టీచరు పిల్లల వైపు తిరిగి, మైలుతుత్తంలో ఇనుము తానే కరిగి తన చోటును రాగికి ఇస్తుందని, అట్లా పట్టిన పూత నిలవదని చెప్పారు. ఇత్తడికి ఆ గుణం బాగా తక్కువని, ఇత్తడి వస్తువేదైనా కావాలన్నారు. నా సంచిలోని కుంకుమ భరిణె మూత తీసిచ్చాను. అది జిడ్డుగా ఉంది.

"ఎవరి దగ్గరన్నా చింతపండు ఉందా?"

అందరి చూపూ చెంగమ్మ మీదికే పోయింది. ఆ పిల్ల తలొంచుకుని ఓణీ కొంగు ముడి విప్పి, ఉప్పద్దిన చింతపండు ఉండ బల్ల మీద పెట్టింది. "సగం తినేసినాను టీచర్." ఇన్‌స్పెక్టరుకే నవ్వాగలేదు.

మూతను తోమి, కడిగి, తీగలన్నీ తగిలించి, ఆఖర్న ద్రావణంలోకి దించాను. కాసేపటికి లేత ఎరుపు పూత పట్టింది. ఇన్‌స్పెక్టరు అదే రుమాలుతో గట్టిగా రుద్దారు. పోలేదు. తేడా ఏమిటని ఈసారి నన్నే అడిగారు.

"ముందుది దానంతటదే అయింది. ఇది కరెంటు చేసింది సార్."

తలూపి ఏదో రాసుకున్నారు. గడువు తీరగానే ప్రొబేషను పూర్తయినట్టు ఉత్తరువు వచ్చింది.

ఇన్‌స్పెక్షను అయిన రోజే రిజిస్టరు చివరి పేజీలో రాసిపెట్టాను: పూజకైతే అన్నీ ముందే అమర్చాలి, ఈ ప్రయోగంలో వస్తువు ఆఖర్న దిగాలి. రిటైరైన రోజు, నా తర్వాత వచ్చిన అమ్మాయికి ముందు ఆ పేజీ చదివించి, తర్వాతే ల్యాబు తాళాలు ఇచ్చాను.